మునిలక్ష్మి చూడని వెబ్‌సైటు

తిరుపతి కొర్లగుంటలో, స్టీలు సామాన్ల అంగడి మీద, రెండు గదుల మేడలో మా ఛానల్ ఉండేది. పేరు అలివేలు విజన్. ఛానల్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర దాకా ఊరి వార్తలు, మర్నాడు పొద్దున అవే మళ్ళీ ఒకసారి, మధ్యలో చీరల అంగళ్ళ ప్రకటనలు. వార్తలు రాసేదీ నేనే, కోటు వేసుకుని చదివేదీ నేనే. కోటు కింద లుంగీ ఉండేదన్న సంగతి కెమెరాకు తెలియదు కాబట్టి ఊరికీ తెలియదు. నా పేరు రఘునాథ్. ఇది నా కథ కాదు కాబట్టి నా సంగతి ఇంతటితో చాలు.

ఇది మునిలక్ష్మి కథ. మా ఆఫీసులో వార్తలు టైపు చేసే మనిషి. సత్యవేడు పక్కన ఒక పల్లె ఆమెది. ఇంటరూ పెళ్ళీ అయ్యాక తిరుపతికి వచ్చి, ఒక ప్రెస్సులో పెళ్ళిపత్రికలు టైపు చేస్తూ డీటీపీ నేర్చుకుంది. పెళ్ళికూతురి పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే ఐదువందల కార్డులు చెత్తబుట్టలోకి పోతాయన్న భయంతో పదేళ్ళు పనిచేసిన చేతులవి. నేను తొందరలో ఏ పిచ్చి రాసినా తెరమీదికి పోయేలోగా ఆమె దగ్గర సరైపోయేది. భర్త తడ దగ్గర ఒక లారీ ఆఫీసులో పనిచేస్తూ వారానికోసారి వచ్చిపోయేవాడు. కూతురు హేమశ్రీ పదో తరగతి. ఇంటిపనీ, బడిపనీ, ఆఫీసు పనీ ఒక్కతే లాక్కొచ్చేది. ఇంత జాగ్రత్త గల మనిషి చేతిలోనే ఆ తప్పు జరిగింది. దాన్ని ఆమె తప్పు అనాలా, మా అందరి పద్ధతి అనాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

చిత్తూరులో ఇంకో కేబుల్ వాళ్ళు వెబ్‌సైటు పెట్టారని తెలిసినప్పటి నుంచి మా ఓనరు జయచంద్రకు అన్నం సయించలేదు. చెన్నై నుంచి ఒకాయన్ని పిలిపించి రెండు రోజుల్లో మాకూ ఒకటి కట్టించాడు. ఆ వచ్చినాయన పాస్‌వర్డు రాసిన కాగితం మునిలక్ష్మి చేతిలో పెట్టి, "డైలీ అప్‌డేట్ పణ్ణుంగమ్మా" అని, రోజూ కొత్త వార్తలు ఎక్కించమని అరవంలో చెప్పి రైలెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి టైపుపనికి తోడు ఆ పని కూడా ఆమె నెత్తిన పడింది. జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మా వెబ్‌సైటును తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. వార్తల మీద తేదీ ఉండేది కాదు. తేదీ వేస్తే పాత వార్త అని తెలిసిపోతుంది, ఎవరు చూస్తారు అనేది జయచంద్ర వాదన. అట్లా పోయినేడు వానకు మునిగిన అండర్‌బ్రిడ్జి ఈ ఏడు మే ఎండల్లో కూడా మునిగే ఉండేది. మా తెలుగు అక్షరాలు కనిపించాలంటే చూసేవాడి కంప్యూటర్లో మా ఫాంటు ఉండాలి. అది లేనివాళ్ళకు వార్త అంతా కోడి గెలికినట్టు పిచ్చి గీతలుగా కనిపించేది. వాళ్ళకు అర్థమయ్యేవి రెండే. పైన ఒక ఇంగ్లీషు లైను, దాని కింద ఫోటో. ఇది తప్పు అని మాకు చెప్పాలనుకున్నవాడికి అందులో ఒక ఫోన్ నంబరు ఉండేది. అది ఎప్పుడో పని మానేసి వెళ్ళిపోయిన ప్రకటనల ఆయనది.

వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మేమెవ్వరం మా వెబ్‌సైటును చూసేవాళ్ళం కాదు. నెట్ అంటే అప్పట్లో ఫోన్ లైను మీద ఈలలు వేసుకుంటూ కలవాలి. కలిసినంతసేపూ ఆఫీసు ఫోన్ పనిచేయదు. అందుకని మునిలక్ష్మి రోజూ పేజీని తన కంప్యూటర్లోనే తయారుచేసి, అక్కడే సరిచూసుకుని, సాయంత్రం పది నిమిషాలు లైను కలిపి పైకి ఎక్కించి తెంపేసేది. జయచంద్ర కూడా పేజీ అడుగున తిరిగే అంకె ఒక్కటే అడిగేవాడు. ఎంతమంది చూశారన్నది చెప్పే అంకె అది; పేజీ తెరవకుండానే, వార్తలు ఎక్కించేటప్పుడు మునిలక్ష్మికి విడిగా కనిపించేది. "ఎంతయింది మునిలక్ష్మీ?" అనేది ఆయన పొద్దుటి పలకరింపు. ఏం చూశారో ఆయనకు అక్కర్లేదు.

మా క్యాసెట్ల పద్ధతి ఒకటి చెబితేగాని జరిగింది అర్థం కాదు. కెమెరా క్యాసెట్ మీద ఒక కాగితం ముక్క అంటించి, తీసిన చోటు పేరు, ఆనాటి వరస అంకె రాసేవాళ్ళం. బస్టాండు-1, ఆస్పత్రి-1, లాడ్జి-1, లాడ్జి-2. మర్నాడు మళ్ళీ ఒకటి నుంచే మొదలు. వారం తిరిగేసరికి అదే క్యాసెట్ మీద ఇంకో వార్త తీసేవాళ్ళం. మనుషుల పేర్లు రాసే అలవాటు లేదు. క్యాసెట్ నుంచి ఫోటో తీసి కంప్యూటర్లో పెట్టేటప్పుడు మునిలక్ష్మి కూడా అదే పేరు పెట్టేది. ఎవరూ ఆమెకు అట్లా చేయమని చెప్పలేదు. ఆఫీసు అంతా అట్లాగే రాస్తుంటే ఆమె మాత్రం వేరేగా ఎందుకు రాస్తుంది?

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక లాడ్జీలో యాత్రికుల నగలు పోయి, ఒకడు దొరికాడు. ఆ వార్తకు మా అంకె గిరగిరా తిరిగింది. జయచంద్ర మురిసిపోయి, "దీన్ని పైన్నే పెట్టేయండి, కదిలించొద్దు" అన్నాడు. "ఎక్కువమంది చూసిన వార్త" అని పైన పట్టీ వేసి, కింద ఇంగ్లీషులో లాడ్జ్ థెఫ్ట్, వన్ అరెస్టెడ్ అని పెట్టి, వాడి ఫోటో పెట్టాం. కొత్త వార్తలు వచ్చేకొద్దీ పాతవి ఇంకా కిందికి జరిగేవి. అది మాత్రం నెలలు గడిచినా కదల్లేదు.

మార్చిలో చెంగయ్య వచ్చాడు. బస్టాండు వెనుక ఇంకో లాడ్జీలో వాచ్‌మన్. యాభై దాటిన మనిషి, మునిలక్ష్మి వాళ్ళ పక్క పల్లెవాడు. బెంగుళూరు కుటుంబం ఒకటి గది ఖాళీ చేస్తూ మంచం కింద నగల సంచి మరిచిపోయింది. చెంగయ్య దాన్ని పట్టుకుని బస్టాండుకు పరుగెత్తి, కదలబోతున్న బస్సును చేత్తో కొట్టి ఆపి, వాళ్ళకు ఇచ్చేశాడు. మంచి వార్త. నేనే కెమెరా తీసుకుని వెళ్ళాను. చెంగయ్య మేనేజరు దగ్గర ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నాడు, తల నీళ్ళతో దువ్వుకున్నాడు. రేషన్ కార్డుకు తప్ప ఎన్నడూ ఫోటో దిగలేదట. నవ్వమని చెప్పే అవసరమే రాలేదు. ముఖమంతా నవ్వే.

మర్నాడు మా ఆఫీసుకు వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి, మునిలక్ష్మి ముందు నిలబడ్డాడు.

"అమ్మణ్ణీ, ఆ పొటో ఒకటి కాగితం మీద తీసి ఇయ్యవా? మా చంద్రకాంతమ్మకు సూపించాల. ఆమె మోకాళ్ళ నొప్పితో ఊరు దాటి రాలేదు. టీవీలో వచ్చినానంటే నమ్మలే."

ప్రింటరులో రంగు అయిపోయింది. మునిలక్ష్మి నవ్వి, కాగితం మీద వెబ్‌సైటు పేరు రాసిచ్చింది.

"కాగితమైతే చిరిగిపోతాది పెదనాయనా. ఇదైతే నెట్‌లో ఎప్పటికీ ఉంటాది. సత్యవేడులో నెట్ సెంటర్ ఉండాది గదా, ఆడికి పోయి ఈ పేరు చెప్తే సాలు, తెరిచి సూపిస్తారు. ప్రపంచంలో ఎవరన్నా సూడొచ్చు."

చెంగయ్య ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో, గుండె పక్కన పెట్టుకున్నాడు. అతడు మెట్లు దిగుతుంటే మునిలక్ష్మి ముఖం చూడాలి. వెబ్‌సైటు వల్ల ఒక మనిషికి సంతోషం కలగడం అదే మొదటిసారి.

ఆ బెంగుళూరు కుటుంబం చెంగయ్యను మరిచిపోలేదు. వాళ్ళకు తెలిసిన బెంగుళూరు ట్రస్టు ఒకటి తిరుచానూరు దారిలో కొత్త సత్రం తెరుస్తోంది. తాళాలు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. వెనుక ఒక గది ఇస్తారు, భార్యను తెచ్చుకుని ఉండొచ్చు. చెంగయ్య లాడ్జీ మెట్ల కింద పడుకుంటూ, భార్య పల్లెలో ఒంటరిగా ఉంటూ ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఒకే కప్పు కింద ఇద్దరూ ఉండే అవకాశం ఆ వయసులో వచ్చింది. సత్రం మేనేజరు తిరుమలయ్య మాట్లాడటానికి పిలిచాడు. చెంగయ్య అన్నిటికీ బదులు చెప్పి, చివరికి జేబులోంచి ఆ కాగితం తీసి తానే ఇచ్చాడు. "నా వార్త నెట్‌లో ఉండాది సార్, సూడండి" అన్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో చెంగయ్య మళ్ళీ మా మెట్లెక్కాడు. ఈసారి చెప్పులు విడవడం మరిచిపోయాడు.

"అమ్మణ్ణీ, నన్ను దొంగ అని ఏసినారంట గదా మీ దాంట్లో!"

మునిలక్ష్మి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "ఎవురు చెప్పింది పెదనాయనా?"

"సత్రం సారు చెప్పినాడు. పైన్నే నా పొటో ఉండాదంట. దొంగతనం, అరెస్టు అని ఉండాదంట. పని లేదు పో అన్నాడు. నేను కాళ్ళు పట్టుకోకుండా ఉండేదొకటే తక్కువ. సరే, శుక్రవారం లోపల టీవీ వాళ్ళ కాడ ఏం సంగతో కనుక్కోనిరా అన్నాడు."

మునిలక్ష్మి వెంటనే ఫిబ్రవరి ఫోల్డర్ తెరిచింది. ఆమె కంప్యూటర్లో రోజుకొక ఫోల్డర్ ఉండేది. నగల దొంగతనం వార్త తీసింది. అందులో దొంగ ఫోటోనే ఉంది, చెంగయ్య కాదు. మార్చి ఫోల్డర్ తెరిచింది. అందులో చెంగయ్య నవ్వుతున్నాడు. మానిటర్‌ను అతని వైపు తిప్పింది.

"సూడు పెదనాయనా. దొంగ వాడు, ఇది నువ్వు. అంతా సరిగ్గానే ఉండాది."

చెంగయ్య రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాడు. "మరి సారు సూసినానంటా ఉండాడే?"

నేను పక్క కుర్చీలోంచి నోరు జారాను. "బెంగుళూరు వాళ్ళకు మన మొగాలన్నీ ఒకటే మాదిరి కనిపిస్తాయేమోలేప్పా!" అన్నాను. పెద్ద హాస్యమాడినట్టు నవ్వాను కూడా. 

"ఇంకోసారి సరిగ్గా సూడమను," అని మునిలక్ష్మి ధైర్యం చెప్పి పంపింది. లైను కలిపి పైన ఏముందో చూద్దామని ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు. మా కంప్యూటర్లో ఉన్నదే లోకంలోనూ ఉందనుకున్నాం.

చెంగయ్య వెళ్ళి తిరుమలయ్యకు అదే చెప్పాడు. తిరుమలయ్య మళ్ళీ తెరిచి చూశాడు. చెంగయ్య ఫోటో అక్కడే ఉంది. అంతవరకూ దొంగేమో అనుకున్నవాడు ఇప్పుడు అబద్ధాలకోరు కూడా అనుకున్నాడు. మాట లాడ్జీ ఓనరు దాకా పోయింది. దొంగ అని పేరు పడినవాడు వాచ్‌మన్‌గా ఉంటే యాత్రికులు రారని, ఆ నగల సంచి తిరిగిచ్చిన లాడ్జీలోనే చెంగయ్యను పనిలోంచి తీసేశారు. ఇదేదీ మాకు తెలియదు. మళ్ళీ రాలేదు కాబట్టి అంతా సర్దుకుందని అనుకున్నాం.

ఆ ఏడు పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మునిలక్ష్మి కూతురిని వెంటబెట్టుకుని బైరాగిపట్టెడలో ఒక నెట్ సెంటరుకు వెళ్ళింది. ఊళ్ళో పిల్లలంతా అక్కడే ఉన్నారు. ఫలితాల సైటు తెరుచుకోవడం లేదు. హాల్‌టికెట్ నంబరు కొట్టడం, అది తిరగడం, ఆగిపోవడం. హేమశ్రీ గోళ్ళు కొరుక్కుంటోంది. కూతురిని నవ్వించడానికి మునిలక్ష్మి, "ఇది తెరుచుకునే లోపల మీ అమ్మ చేసే పని సూస్తావా?" అని మా వెబ్‌సైటు పేరు కొట్టింది.

మూడేళ్ళ ఉద్యోగంలో తాను చేసిన పేజీని బయటి మనిషిలా చూడటం ఆమెకు అదే మొదటిసారి.

తెలుగంతా పిచ్చి గీతలు. పైన ఇంగ్లీషు లైను. లాడ్జ్ థెఫ్ట్, వన్ అరెస్టెడ్. దాని కింద ఇస్త్రీ చొక్కాలో, నీళ్ళు పెట్టి దువ్విన తలతో, ముఖమంతా నవ్వుతూ చెంగయ్య.

హేమశ్రీ తర్వాత నాతో చెప్పింది. అమ్మ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుందట. పేజీ కిందికి జరిపిందట. అక్కడ మార్చి వార్తలో కూడా అదే ఫోటో. మళ్ళీ పైకి జరిపిందట.  ఆ లోపల ఫలితాల సైటు తెరుచుకుంది. ఫస్టు క్లాసు వచ్చింది. మునిలక్ష్మి కూతురి తల నిమిరింది గానీ కళ్ళు ఆ తెర మీదే ఉన్నాయి.

నేరుగా ఆఫీసుకు వచ్చి నా ముందు కూలబడింది. జరిగిందేమిటో ఆమెకు దారిలోనే అర్థమైపోయింది. ఆమె కంప్యూటర్లో రోజుకొక ఫోల్డర్ ఉన్నా, పైన నెట్‌లో చెన్నై ఆయన అన్ని ఫోటోలకూ కలిపి ఒకే ఫోల్డర్ పెట్టిపోయాడు. ఫిబ్రవరిలో దొంగ ఫోటో పేరు లాడ్జి-1. మార్చిలో చెంగయ్య ఫోటో పేరూ లాడ్జి-1. రెండోది ఎక్కించగానే మొదటిది చెరిగిపోయి, దాని చోట ఇది కూర్చుంది. దొంగ వార్త లాడ్జి-1 అడిగినప్పుడల్లా నెట్ చెంగయ్యను తెచ్చి చూపించింది. మార్చి నుంచి అంతే.

"నా చేత్తోనే రఘన్నా," అంది. "ఆయన్ని ముందర పెట్టుకుని, సరిగ్గానే ఉండాదని చెప్పి పంపిస్తినే. ఆ మనిషి నా మాట నమ్మి పోయినాడే." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. గోడకేసి చూస్తూ అదే మాట మూడు నాలుగు సార్లు అంది.

జయచంద్రకు చెప్పాం. ఆయనకు ముందుగా తోచింది కేసు. "వాడు కోర్టుకు పోతే ఛానల్ మూసేసుకోవాల. తీసేయ్ ముందు! ఇప్పుడే తీసేయ్!" అని ఆమె వెనకే నిలబడి కేకలు పెట్టాడు. మునిలక్ష్మి లైను కలిపి, పైనున్న లాడ్జి-1ని తీసేసింది. చెంగయ్య ముఖం దొంగ వార్తలోంచి పోయింది. మంచి వార్తలోంచీ పోయింది.

అప్పుడు ఆమెకు జ్ఞాపకం వచ్చింది. గబగబా తన కంప్యూటర్లో మార్చి ఫోల్డర్ కోసం వెతికింది. మూడు నెలలకోసారి డిస్కు ఖాళీ చేయడం మా అలవాటు. వారం ముందే అన్నీ తుడిచేసింది. నేను క్యాసెట్లు తిరగేశాను. మార్చి నాటి లాడ్జి-1 మీద మామిడికాయల లారీ బోల్తా పడిన వార్త ఉంది. చెంగయ్య ఫోటో లోకంలో ఒక్కచోటే మిగిలి ఉంది, ఆ ఒక్కదాన్నీ ఆమె అప్పుడే తీసేసింది.

ఆ సాయంత్రం వార్తల్లో నేను సవరణ చదివాను. చెంగయ్య నిజాయితీపరుడు, పొరపాటు మాది అని రెండు వాక్యాలు. జయచంద్ర నామీద ఎగిరాడు. ఎగరనిచ్చాను. కానీ అది టీవీ. తిరుపతిలో ఏడున్నరకు కుక్కరు కూతల మధ్య వినిపించి ఆవిరైపోయింది. నెట్‌లో చూసినవాళ్ళకు అది చేరదు కదా. మునిలక్ష్మి వెబ్‌సైటులో అన్నిటికంటే పైన, దొంగ వార్త పీకేసిన చోట, సవరణ పెట్టింది. తెలుగులో, ఇంగ్లీషులో. చెంగయ్య పేరు, ఊరు, మా తప్పు, మొదటిసారిగా తేదీ. కింద ఆఫీసు ఫోన్ నంబరు. నాలుగు రోజులకు అంకె తిరగడం మందగించింది. జయచంద్ర వచ్చి ఆ సవరణ తీసేయమన్నాడు.

"తీయను సార్," అంది మునిలక్ష్మి.

"ఏమ్మే?"

"దొంగ అని మూడు నెలలు ఉండె గదా. దొంగ కాదని ఆరు నెలలన్నా ఉండాల. పాస్‌వర్డు నా కాడనే ఉండాది. ఉద్యోగం తీసేస్తే తీసేయండి."

పదేళ్ళు పెళ్ళిపత్రికలు, మూడేళ్ళు వార్తలు కొట్టినా ఒక్కరికీ ఎదురు చెప్పని మనిషి. జయచంద్ర నావైపు చూశాడు. నేను లుంగీ సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాను. సవరణ అక్కడే ఉండిపోయింది.

ఇద్దరం సత్రానికి వెళ్ళాం. తిరుమలయ్య చెడ్డవాడు కాదు. మేము చెప్పిందంతా విని తల పట్టుకున్నాడు. "రెండుసార్లు చూశానమ్మా. మీ ఛానల్ పేరుతో, మీరే పెట్టిన ఫోటో. నేనెట్లా నమ్మకుండా ఉండేది?" అన్నాడు. తాళాల పనికి అప్పటికే వేరే మనిషి కుదిరాడు. భార్యాబిడ్డలతో వచ్చి వెనుక గదిలో చేరాడు. కిటికీలో వాళ్ళ చాపలు ఆరేసి ఉన్నాయి. వాళ్ళను ఖాళీ చేయించమని అడగడానికి మాకు నోరు రాలేదు.

ఆ ఆదివారం సత్యవేడు బస్సెక్కాం. నేను ఆఫీసు కెమెరా వెంట తెచ్చాను.  దారిలో మునిలక్ష్మి పెదాలు కదలడం రెండు మూడుసార్లు గమనించాను. ఏం చెప్పాలో లోపల్లోపల టైపు చేసుకుంటోంది, కొట్టేస్తోంది.

చెంగయ్య ఒకరి మామిడితోటలో కాపలా ఉన్నాడు. కాయలు కోసేస్తే ఆ పనీ ఉండదు. తోట పక్కనే వాళ్ళ ఇల్లు. మమ్మల్ని చూడగానే లేచి, తువ్వాలుతో మంచం దులిపి కూర్చోమన్నాడు. మునిలక్ష్మి కూర్చోలేదు.

"పెదనాయనా, నువ్వు చెప్పిందే నిజం. నీ పొటో దొంగ వార్తలో ఉండె. నేనే పెట్టినాను. తెలిసి కాదు. కానీ నువ్వు వచ్చి చెప్పినప్పుడు సరిగ్గా సూడకుండా నిన్ను అబద్ధాలోడిని చేసినాను."

వివరమంతా చెప్పింది. ఫోల్డర్లూ పేర్లూ అతనికి అర్థమయ్యాయో లేదో. చెంగయ్య నేలమీద పుల్లతో గీస్తూ విన్నాడు.

"అయితే సారు సూసింది నిజమే," అన్నాడు చివరికి. "నేను ఆయన్ని తిట్టుకుంటా ఉండాను ఇన్నాళ్ళూ."

లోపలి నుంచి చంద్రకాంతమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. మోకాళ్ళు వంగడం లేదు. కోపంతో తిడుతుందని మునిలక్ష్మి తల వంచుకుని నిలబడింది. ఆమె తిట్టలేదు.

"పోయింది పోయింది లేమ్మా. టీవీలో వచ్చినాడని ఊరంతా చెప్పినా, దొంగ అన్నారని కూడా ఊరంతా తెలిసిపాయ. వచ్చే వారం ఆటో మాట్లాడుకొని సత్యవేడు నెట్ సెంటరుకు పోదామనుకొన్నాం. ఆ మంచి పొటో ఒక్కసారి నా కంటితో సూస్తే నలుగురికీ చెప్పేదానికి నాకొక ధైర్యం. అది ఉండాది గదమ్మా? కాగితం మీద తెచ్చినారా?"

మునిలక్ష్మి నావైపు చూసింది. ఆమె బదులు నేను చెప్పాల్సి వచ్చింది. అది కూడా పోయిందని, ఎక్కడా మిగల్లేదని చెప్పాను. చంద్రకాంతమ్మ గోడకు చేరబడింది.   తోటలో ఎక్కడో కాయ రాలిన చప్పుడు వినిపించింది.

ఏదో ఒకటి చేయాలి కాబట్టి నేను కెమెరా బయటికి తీశాను. "ఇప్పుడే ఇంకొకటి తీస్తానప్పా. ఇద్దరినీ కలిపి తీస్తా. మంచి కాగితం మీద, పెద్దదిగా చేసి పంపిస్తా," అన్నాను. మునిలక్ష్మి తన కొంగుతో చెంగయ్య చొక్కా మీద దుమ్ము దులిపింది. అతడు కాదనకుండా వచ్చి, భార్య పక్కన నిలబడ్డాడు. చేతులు రెండూ కిందికి వేలాడేసి, కెమెరా వైపు సూటిగా చూశాడు. రేషన్ కార్డు ముఖం.

"కొంచెం నవ్వు పెదనాయనా, ఆ పొద్దు మాదిరి," అంది మునిలక్ష్మి. 

చెంగయ్య ప్రయత్నించాడు. పెదాలు కదిలాయి, కానీ ముఖం కదల్లేదు. కొంచెం సేపు అట్లాగే నిలబడి, చేయి అడ్డం పెట్టి, నన్ను కెమెరా దించమన్నాడు.

"ఇది వద్దమ్మణ్ణీ," అన్నాడు, కోపం లేకుండా. "ఆ పొద్దు మొగం మీ కాడనే ఉండె. దాన్నే ఇయ్యండి."